గోదారి గట్టు నుంచి గుల్మార్గ్ మంచు దాకా: ఫ్రెండ్స్‌తో ఆఫ్ పిస్ట్, ఫ్రీస్టైల్ స్కీయింగ్ ఎలా చేయాలి

ముందే చెప్పేస్తానండి, ఇది మంచు మొహం ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం కాదు. ఒక చలికాలం ఎక్కడో ఒకచోట పద్ధతిగా కోర్సు చేసి, ఓ మాదిరి వాలు మీద రెండు వైపులకీ తిరగడం, అనుకున్న చోట ఆగడం వచ్చేసిన నలుగురైదుగురు ఫ్రెండ్స్ ఉన్నారనుకోండి, రెండో చలికాలం ఏం చెయ్యాలి అన్నదే నేను రాసేది. అసలు కోర్సే చెయ్యకపోతే ముందు అది చెయ్యండి, గుల్మార్గ్‌లోనే కేంద్ర పర్యాటక శాఖ కింద ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్ ఉంది, మేం మొదలెట్టింది అక్కడే.

పిస్ట్ అంటే మెషీన్‌తో చదును చేసి, గుర్తులు పాతి, స్కీ పెట్రోల్ వాళ్ళు, అంటే గస్తీ తిరిగేవాళ్ళు, చూసుకునే దారి. ఆఫ్ పిస్ట్ అంటే దాని అవతలిది, పడిన మంచు పడినట్టే ఉంటుంది. ఫ్రీస్టైల్ అంటే గెంతడం, గాల్లో తిరగడం, మంచులో పాతిన బాక్స్ (వెడల్పాటి పెట్టె) మీద, రెయిల్ (సన్నటి కడ్డీ) మీద జారడం, వెనక్కి తిరిగి స్కీ చెయ్యడం, ఇవన్నీ. 2026 వింటర్ ఒలింపిక్స్‌లో ఇటలీలోని లివిన్యోలో జరిగిన పోటీలు చూసే మావాళ్ళకి ఈ పిచ్చి ఇంకా ముదిరింది.

మాది రాజోలు వైపు. ఊళ్ళో ఎత్తైన చోటు ఏదంటే ఏటిగట్టే. ఇలాంటి చోట ఉండి మంచుకొండ మీద ఆటకి ఎలా తయారవుతారు అని చాలామంది అడుగుతారు. నేను రెండేళ్ళు చేసి చూసి చెప్తున్నా, సగానికి పైన పని ఇక్కడే అవుతుంది, కొండ మీదకి వెళ్ళాక చేద్దాంలే అనుకున్నది ఏదీ అవ్వదు.

ముందు మనుషుల్ని సరిచూసుకోండి

నలుగురు మంచి లెక్క, ఆరుగురు దాటితే కొండ మీద ఎవరెక్కడున్నారో చూసుకోలేరు. అందరూ దాదాపు ఒకే స్థాయిలో ఉండాలి. ఇక అసలు సంగతి మొహమాటం. మన గోదారి జిల్లాల్లో విస్తట్లో వద్దన్నా వడ్డిస్తారు, వద్దనడానికి మనకి నోరు రాదు, అది ఇంటి దగ్గర బావుంటుంది గానీ మంచుకొండ మీద అదే ప్రాణం మీదకి తెస్తుంది. మా మొదటి ట్రిప్పులో మా బావకి పొద్దున్నుంచీ తలనొప్పి, వికారం, అయినా అందరూ సరదాగా ఉన్నారు కదా నేనెందుకు చెడగొట్టడం అని చెప్పలేదు, పైకి వెళ్ళాక వాంతులు అయ్యేదాకా మాకెవరికీ తెలీదు. వెంటనే కిందకి తీసుకొచ్చేశాం కాబట్టి సరిపోయింది.

అందుకని బయల్దేరకముందే ఇంట్లో కూర్చుని ఒక మాట అనుకోండి: ఒక్కరు వద్దంటే అందరూ ఆగాలి, కారణం అడగకూడదు, రాత్రి భోజనాల దగ్గర కూడా దెప్పకూడదు. ఇంకోటి, ఏ నిర్ణయమైనా ముందు చిన్నవాడిని అడగండి. పెద్ద బావగారు ‘ఎల్దాం పదండ్రా’ అనేశాక తమ్ముడు వరసవాడు ‘నాకు భయంగా ఉంది బావా’ అనలేడు కదా, అదే ముందు తమ్ముడిని అడిగితే నిజం చెప్తాడు. నన్నడిగితే ఈ ఒక్క పద్ధతి మా సామాన్లన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది.

రెండు నెలల ముందు నుంచి గట్టు మీద

దసరా దాటాక మొదలుపెట్టండి. స్కీయింగ్‌లో తొడలకి పని ఎక్కువ, అదీ దిగేటప్పుడు బరువు ఆపే పని. అందుకని గట్టు ఎక్కడం కంటే దిగడం మీద ధ్యాస పెట్టండి, మోకాళ్ళు వంచి నెమ్మదిగా, పక్కవాటుగా, ఒకసారి కుడి భుజం కిందవైపుకి, ఒకసారి ఎడమ భుజం కిందవైపుకి. రోజూ 20 సార్లు ఎక్కి దిగితే వారానికి తేడా తెలుస్తుంది. ఇంట్లో గోడకి వీపు ఆనించి కుర్చీలో కూర్చున్నట్టు ఒక నిమిషం, తర్వాత రెండు నిమిషాలు. ఒంటికాలి మీద నిలబడి కళ్ళు మూసుకోవడం కూడా చెయ్యండి, తేలికనుకుంటారు గానీ మొదట్లో 10 సెకన్లు ఆగలేరు.

గట్టు దగ్గరున్నప్పుడే ఇంకో పని. ఫోన్‌లో వాలు కొలిచే యాప్ ఉంటుంది, ఫోన్‌ని గట్టు వాలు మీద పడుకోబెట్టి ఎన్ని డిగ్రీలో చూడండి, చూసేముందు మనసులో ఒక అంకె అనుకోండి. మంచు చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలు మీదే విరుగుతాయి కాబట్టి 30 డిగ్రీలు అంటే ఎలా ఉంటుందో కంటికి అలవాటు అవ్వాలి, అక్కడ అంతా తెల్లగా ఉండి వాలు ఎంతో తెలీదు.

గాల్లో ఒళ్ళు అదుపు కోసం మనకి ఇసుక తిన్నెలున్నాయి, పైనుంచి కిందకి గెంతి రెండు కాళ్ళ మీద మెత్తగా దిగడం, తర్వాత సగం చుట్టు తిరిగి దిగడం. తల ఎటు తిరిగితే ఒళ్ళు అటే తిరుగుతుంది అన్నది ఇసుకలోనే నేర్చుకోవచ్చు, పడినా ఏం కాదు.

బీకన్ ప్రాక్టీసు, ఇది మాత్రం వదలద్దు

ఆఫ్ పిస్ట్ వెళ్ళే ప్రతి ఒక్కళ్ళ ఒంటి మీదా మూడు వస్తువులుండాలి: బీకన్, ప్రోబ్, పార. బీకన్ ఎప్పుడూ సిగ్నల్ పంపుతూ ఉంటుంది, ఎవరైనా మంచులో కూరుకుపోతే మిగతావాళ్ళు తమ బీకన్‌ని వెతికే మోడ్‌లోకి మార్చి ఆ సిగ్నల్ పట్టుకుని వెళ్తారు. ప్రపంచమంతా ఒకే ఫ్రీక్వెన్సీ, 457 కిలోహెర్ట్జ్, కాబట్టి ఒక కంపెనీది ఇంకో కంపెనీదానితో పనిచేస్తుంది. ప్రోబ్ అంటే మడతపెట్టే పొడుగాటి ఊచ. పార అంటే మన పారే, కాకపోతే అల్యూమినియంది, విడదీసి బ్యాగ్‌లో పెట్టుకునేది. ప్లాస్టిక్‌ది వద్దు, చరియ ఆగాక ఆ మంచు సిమెంటులా గట్టిపడిపోతుంది.

ఇంత ఎందుకు చెప్తున్నానంటే, మంచులో కూరుకుపోయిన మనిషికి మొదటి 10, 15 నిమిషాలే ఆశ, ఆ తర్వాత ఊపిరాడక బతికే అవకాశం వేగంగా పడిపోతుంది. అంతలో కింద నుంచి ఎవరూ రాలేరండి. పక్కనున్న ఫ్రెండే తవ్వి తియ్యాలి.

మాకు జర్మనీలో ఉద్యోగం చేసే ఫ్రెండ్ మూడు బీకన్లు తెచ్చిపెట్టాడు. వాటిని పట్టుకుని అంతర్వేది దగ్గర ఇసుకలోకి వెళ్ళాం. మీరు కూడా జనం లేని చోటు, పోటు నీళ్ళు రాని చోటు చూసుకోండి, రొయ్యల చెరువుల పక్కన మాత్రం వద్దు, ఏరేటర్ మోటార్లు, కరెంటు తీగలు సిగ్నల్‌ని చెడగొడతాయి. పంపే మోడ్‌లో పెట్టిన ఒక బీకన్‌ని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, గోనెసంచిలో చుట్టి అర మీటరు లోతులో పూడ్చండి. మనిషిని మాత్రం సరదాకి కూడా పూడ్చకండి, ఇసుక బరువుకి ఊపిరి ఆగిపోతుంది. పూడ్చేవాడు ఒకడు, వెతికేవాళ్ళు చూడకూడదు.

వెతకడం ఇలా. మొదట అందరూ తమ బీకన్లు వెతికే మోడ్‌లోకి మార్చాలి, ఒక్కడు మర్చిపోయినా వాడి సిగ్నలే పట్టుకుని తిరుగుతారు. ఫోన్లు, స్మార్ట్ వాచీలు ఆపేసి దూరంగా పెట్టాలి, ఒక్కడి ఫోన్ మాత్రం సాయం పిలవడానికి ఉంటుంది, వాడు వెతకడు. మనిషి చివరిసారి కనిపించిన చోటు నుంచి కిందకి వెతుకుతూ వెళ్ళాలి. సిగ్నల్ దొరికాక బీకన్ మీద కనిపించే బాణం గుర్తు వెంట పరిగెత్తండి, పక్కనే దూరం మీటర్లలో చూపించే అంకె తగ్గుతూ రావాలి, పెరుగుతుంటే వెనక్కి తిరగండి. 10 దగ్గర నడక, 3 దగ్గర వంగిపోయి బీకన్‌ని నేలకి ఆనించినంత దగ్గరగా పట్టుకుని, తిప్పకుండా నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత, అన్నిటికంటే చిన్న అంకె వచ్చిన చోట గుర్తు పెట్టండి. అక్కణ్ణించి ప్రోబ్‌తో 25 సెంటీమీటర్ల ఎడం చొప్పున చుట్టూ గుండ్రంగా పొడుచుకుంటూ వెళ్ళండి, కొండ మీదైతే వాలుకి లంబంగా. తగిలాక ప్రోబ్ తియ్యకూడదు, అక్కడే ఉంచాలి.

తవ్వడం కూడా ఒక విద్యే. ప్రోబ్ దగ్గర నేరుగా గొయ్యి తవ్వకూడదు, లోతు ఎంతుందో దానికి ఒకటిన్నర రెట్లు కిందవైపు జరిగి, అక్కణ్ణించి మనిషి వైపుకి కాలవ తవ్వినట్టు తవ్వుకుంటూ రావాలి, ముందువాడు అలిసిపోగానే వెనకవాడు ముందుకి. ముఖం, నోరు ముందు బయటపెట్టి గాలి ఆడేలా చెయ్యాలి. మేం మొదటిసారి 11 నిమిషాలు తీసుకున్నాం, ఆ రోజు ఎవరూ మాట్లాడుకోకుండా ఇంటికొచ్చాం, ఎందుకంటే అది మాలో ఒకడయ్యుంటే ఏమయ్యేదో అందరికీ అర్థమయ్యింది. ఆరో ఆదివారానికి 4 నిమిషాల్లోకి వచ్చాం. బీకన్లు దొరకనివాళ్ళు గుల్మార్గ్‌లో స్కీలతో పాటు అద్దెకి తీసుకోవచ్చు, అప్పుడు మొదటి రెండు రోజుల సాయంత్రాలు ఇదే పని పెట్టుకోండి.

టైమూ ప్రయాణమూ

కాశ్మీర్‌లో డిసెంబర్ 21 నుంచి 40 రోజులు చిల్లై కలాన్ అంటారు, గడ్డకట్టే చలి అప్పుడే. మనకి సంక్రాంతి ఎలాగూ వదలడానికి లేదు, ముక్కనుమ అయ్యాక తీరుబడిగా బయల్దేరి జనవరి చివర, ఫిబ్రవరిలో ఉండేలా చూసుకుంటే మంచు బాగా పేరుకుని ఉంటుంది. ఢిల్లీ మీదుగా శ్రీనగర్, అక్కణ్ణించి 50 కిలోమీటర్లు, తంగ్‌మార్గ్ దాటాక మంచు పడితే చక్రాలకి గొలుసులున్న బండి కావాలి. మన దగ్గర తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచెయ్యదు, ఇద్దరి దగ్గరైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఆఫ్ పిస్ట్ స్కీయింగ్‌కి వర్తిస్తుందని కాగితం మీద రాసుందో లేదో చదవండి.

లోపల కాటన్ బనియన్లు వద్దు, చెమటకి తడిసి ఆరక ఒళ్ళు గడ్డకడుతుంది, ఉన్నిదో సింథటిక్‌దో వేసుకోండి. కొత్త మంచు 80 శాతం దాకా అతినీలలోహిత కిరణాల్ని వెనక్కి కొడుతుంది, గాగుల్స్, సన్‌స్క్రీన్ మబ్బు రోజున కూడా కావాలి. స్కీలు అద్దెకి తీసుకునేటప్పుడు మెత్తని మంచుకి స్కీ నడుము, అంటే మధ్యభాగం, దగ్గర 100 మిల్లీమీటర్లు, ఆపైన వెడల్పున్నవి అడగండి, ఫ్రీస్టైల్‌కి రెండు చివర్లూ పైకి వంగిన ట్విన్ టిప్. బైండింగ్, అంటే బూటుని స్కీకి పట్టి ఉంచేది, బిగించేవాడు మీ బరువు, ఎత్తు, వయసు, ఎంత బాగా స్కీ చేస్తారు అని అడుగుతాడు. నిజం చెప్పండి. ఎక్కువ బిగిస్తే పడినప్పుడు స్కీ ఊడదు, మోకాలు తిరుగుతుంది.

మొదటి రెండు రోజులు ఆగండి

గుల్మార్గ్ 2,650 మీటర్ల ఎత్తు. గండోలా, అంటే తీగ మీద వెళ్ళే కేబుల్ కారు, మొదటి దశ కొంగ్‌డూరి దాకా, రెండో దశ అఫర్వాట్ కొండ మీద దాదాపు 4,000 మీటర్ల దాకా తీసుకెళ్తుంది. మనం సముద్ర మట్టం నుంచి వచ్చినవాళ్ళం, దిగిన రోజే రెండో దశ ఎక్కితే మా బావలాగే అవుతుంది. రెండు రాత్రులు కింద పడుకోండి, నీళ్ళు బాగా తాగండి, మందు పార్టీ ఆఖరి రోజుకి పెట్టుకోండి. ఆ రెండు రోజులూ కింది వాలుల మీద పాత పాఠాలు.

ఆఫ్ పిస్ట్ రోజు

పొద్దున్నే లేచి మొదటి పని గుల్మార్గ్ స్కీ పెట్రోల్ ఇచ్చే అవలాంచ్ (మంచు చరియల) సమాచారం చూడటం. యూరప్ పద్ధతిలో ప్రమాదాన్ని 1 నుంచి 5 దాకా అంకెల్లో చెప్తారు. 3 అంటే మధ్యలోది కదా పర్లేదు అనుకోకండి, ఆల్ప్స్‌లో ఎక్కువమంది పోయేది 3 ఉన్న రోజుల్లోనే, ఎందుకంటే 4, 5 అంటే ఎవరూ వెళ్ళరు, 3 కి ధైర్యం చేస్తారు.

మంచు పొరలు అర్థం కావాలంటే ఆత్రేయపురం పూతరేకు గుర్తు తెచ్చుకోండి. రేకు, మధ్యలో పంచదార, మళ్ళీ రేకు. పళ్ళెం వంచితే పై రేకు పంచదార మీద జారిపోతుంది కదా. కొండ మీద కూడా అంతే. చలికాలం మొదట్లో మంచు పల్చగా పడి, నేల కాస్త వెచ్చగా, పైన గాలి బాగా చల్లగా ఉంటే ఆ మంచులో ఆవిరి కదిలి అడుగున గింజలు పంచదారలా విడివిడిగా తయారవుతాయి, ఒకదానికొకటి అంటుకోవు. దాని మీద కొత్త మంచు పడి, గాలి తెచ్చిపోసి, గట్టి పలకలా అవుతుంది. మనం వెళ్ళి ఆ పలక మీద బరువు పెడితే అడుగున పంచదార పొర కూలిపోయి పలక మొత్తం కదులుతుంది. మనుషుల్ని చంపే చరియల్లో ఎక్కువభాగం ఆ మనిషో, వాడి గుంపులోవాళ్ళో కదిలించినవే.

గుర్తులు కనిపిస్తూనే ఉంటాయి: పక్క వాలు మీద కొత్తగా జారిన చరియ, స్కీ ముందు నుంచి పగులు పరిగెత్తడం, కాళ్ళ కింద వుంఫ్ అని కూలిన చప్పుడు, ఒక్కసారిగా ఎండ కాయడం. బాగా మంచు పడ్డాక మొదటి ఒకటి రెండు రోజులు, అందరికీ నోరూరే రోజులు అవే, అన్నిటికంటే చెడ్డ రోజులు కూడా అవే. 2023 ఫిబ్రవరి 1 న అఫర్వాట్ మీద చరియ విరిగి ఇద్దరు పోలండ్ స్కీయర్లు పోయారు, 2024 ఫిబ్రవరి 22 న ఒక రష్యన్ స్కీయర్ పోయాడు. అందుకని స్థానిక గైడ్ లేకుండా వెళ్ళకండి, ఆ కొండల్లో పుట్టి పెరిగినవాళ్ళు ఉన్నారు. 2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌లో మన దేశం తరఫున దిగిన ఆరిఫ్ ఖాన్ ఆ చుట్టుపక్కల వాడే.

బయల్దేరేముందు బీకన్ చెకింగ్: ఒకడు వెతికే మోడ్‌లో నిలబడితే మిగతావాళ్ళు ఒక్కొక్కళ్ళే ముందునుంచి దాటాలి, అందరివీ పలకాలి. ఇది ప్రతి రోజూ. జతలు కట్టుకోండి, ఎవరి జత ఎవరో తెలిసి ఉండాలి. అనుమానమున్న వాలు మీద ఒక్కసారి ఒక్కడే దిగాలి, మిగతావాళ్ళు చూస్తూ ఉండాలి, దిగినవాడు వాలు కింద కాకుండా పక్కన గట్టులాంటి క్షేమమైన చోట ఆగాలి. బాబా రేషి వైపు చెట్ల మధ్య దిగేటప్పుడు పోల్స్ (చేతికర్రలు) తాళ్ళు చేతికి తగిలించుకోకండి, చెట్టు మొదళ్ళకి దగ్గరగా వెళ్ళకండి, కొమ్మల కింద మంచు గుల్లగా ఉండి తలకిందులుగా పడితే పైకి రాలేరు, జతగాడు కేకకి అందేంత దగ్గర్లో ఉండాలి.

ఇక పౌడర్‌లో, అంటే పొడిలాంటి మెత్తని కొత్త మంచులో, కాళ్ళు. దమ్ము చేసిన చేలో నడిచినవాళ్ళకి ఇది తొందరగా వస్తుంది, ఒక కాలి మీదే బరువేస్తే ఆ కాలు దిగబడిపోతుంది, పిస్ట్ మీదలాగా బయటి కాలి మీద బరువంతా వేస్తే ఇక్కడా అంతే. రెండు స్కీల మీదా దాదాపు సమంగా బరువుంచి, కాళ్ళు దగ్గరగా పెట్టి, రెంటినీ ఒకే వెడల్పాటి చెక్కలా అనుకోండి. వెనక్కి వాలిపోమని కొందరు చెప్తారు, వద్దు, పది మలుపులకే తొడలు మండిపోతాయి, నడుము మధ్యలో ఉంచి కాలి వేళ్ళు కాస్త పైకెత్తినట్టు ఉంటే చాలు. మలుపు లాగకూడదు, మంచులోకి నొక్కి, అది పైకి నెట్టినప్పుడు తిప్పాలి, నావ అల మీద లేచినట్టు ఉంటుంది. కాస్త వేగం ఉండాలి, భయపడి నెమ్మదిస్తే స్కీలు మునుగుతాయి. పడినప్పుడు స్కీ ఊడితే అది మంచు కింద దూరిపోతుంది, మేం ఒకసారి ముప్పావుగంట వెతికాం, పడ్డ చోటుకి పైవైపు ముందు చూడండి, పోల్‌ని అడ్డంగా గీసుకుంటూ వెతకండి.

ఫ్రీస్టైల్ ఎప్పుడు, ఎలా

మేం కనిపెట్టిన పద్ధతి ఏంటంటే, అవలాంచ్ సమాచారం బాలేని రోజు ఫ్రీస్టైల్ రోజు. పొద్దున్న అంకె చూసి వద్దనుకుంటే అందరికీ చెయ్యడానికి ఇంకో ఆట సిద్ధంగా ఉంటుంది, ఇంత ఖర్చు పెట్టి వచ్చి రూములో కూర్చోవాలా అనే ఒత్తిడి ఉండదు.

ఫ్రీస్టైల్ పార్క్, అంటే జంపులు, బాక్సులు కట్టి ఉంచిన చోటు, ఉన్న రిసార్ట్‌కి వెళ్తే, స్విట్జర్లాండ్‌లో లాక్స్ లాంటి చోటికి, అక్కడ జంపులు చిన్నవి, మధ్యరకం, పెద్దవి అని గుర్తులు పెట్టి ఉంటాయి. గుల్మార్గ్‌లో అయితే పెట్రోల్ వాళ్ళనడిగి, తేలిక వాలు పక్కన, జనం దారికి అడ్డం లేనిచోట చిన్నది మీరే కట్టుకోండి, మోకాలెత్తు చాలు. దిగే చోటు కూడా వాలుగానే ఉండాలి, చదునుగా ఉంటే దెబ్బంతా మోకాళ్ళకే. ఆట అయ్యాక పడగొట్టేసి రండి, చీకట్లో ఇంకొకళ్ళు గుద్దుకోకుండా.

దానికంటే ముందు వాలు మీద చిన్న గుట్టలు దాటుతూ కాస్త ఎగరడం, ఒంటి స్కీ మీద జారడం, తేలిక వాలు మీద వెనక్కి స్కీ చెయ్యడం రావాలి. జంప్ దగ్గర మొదటిసారి గెంతకుండా పక్కనుంచి నెమ్మదిగా వెళ్ళి చూడండి, ఎక్కడ ఎగురుతాం, ఎక్కడ దిగుతాం, పొద్దున గట్టిగా ఐసులా ఉందా, ఎండకి మెత్తబడిందా. అంచు దగ్గర ఒకడు పక్కగా నిలబడి కింద ఖాళీగా ఉందో లేదో చూసి చెయ్యెత్తాలి, గెంతేవాడు డ్రాపింగ్ అని అరిచి రావాలి. మోకాళ్ళు వంచి, ముంగాలి ఎముక బూటు ముందుభాగానికి ఆనించి, చేతులు ముందుకి, అంచు దగ్గర భయపడి వెనక్కి వాలకుండా నిలబడి లేవాలి, కళ్ళు దిగే చోటు మీద. అంచు దగ్గర బ్రేక్ వెయ్యకూడదు, వేగం అనుమానంగా ఉంటే ముందే పక్కకి తప్పుకోవాలి. దిగాక వెంటనే అక్కణ్ణించి వెళ్ళిపోవాలి, సెల్ఫీ అక్కడ కాదు.

20 సార్లు మామూలుగా గెంతి మెత్తగా దిగాకే సగం చుట్టు. భుజం మీదుగా వెనక్కి చూస్తే ఒళ్ళు వస్తుంది, ఇసుకలో చేసిందే. బాక్స్ మీద స్కీల అంచులు నొక్కకూడదు, పాదం చదునుగా, నాచు పట్టిన రేవు మెట్టు మీద నిలబడ్డట్టు కదలకుండా. హెల్మెట్ లేకుండా ఇవేవీ వద్దు.

ఇంటికొచ్చాక

మన సముద్రపు గాలికి స్కీల ఇనుప అంచులు వారంలో తుప్పు పడతాయి, సొంతవి ఉంటే బాగా తుడిచి, అడుగునా అంచులకీ వ్యాక్స్ పట్టించి పొడి చోట పెట్టండి. బూట్ల లోపలి తొడుగులు తీసి నీడలో ఆరబెట్టండి. బీకన్‌లో బ్యాటరీలు తీసెయ్యండి, వానాకాలం చెమ్మకి కారిపోయి లోపల పాడైపోతుంది, మాది ఒకటి అలాగే పోయింది. కొత్త బ్యాటరీలు దసరాకి వేసి, ఆ ఆదివారమే ఇసుకలోకి తీసుకెళ్ళండి, నిరుటి కంటే ఎన్ని సెకన్లు ఎక్కువ పట్టిందో రాసి పెట్టుకోండి.